ఊరి అడవికి ఊరే రాసుకునే ప్రణాళిక: కట్టుబాట్ల నుంచి కాగితం దాకా

అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చినప్పటి నుంచి మన ఏజెన్సీ ప్రాంతాల్లో ఎక్కువగా వినిపించిన మాట పోడు పట్టా. అదే చట్టంలోని మూడో సెక్షన్, ఒక ఊరి ప్రజలు తరతరాలుగా కాపాడుకుంటూ వాడుకుంటున్న అడవిని రక్షించుకునే, పునరుద్ధరించుకునే, నిర్వహించుకునే హక్కును కూడా గుర్తించిందన్న సంగతికి అంత ప్రచారం దక్కలేదు. దీన్నే సామూహిక అటవీ వనరుల హక్కు అంటారు. ఈ హక్కు పత్రం చేతికి వచ్చిన ఊరు గానీ, దానికి దరఖాస్తు పెట్టుకుంటున్న ఊరు గానీ చేయవలసిన పెద్ద పని ఒకటుంది. అడవిని ఎలా వాడుకోవాలో, ఎక్కడ ఆగాలో, ఎవరు చూసుకోవాలో నిర్ణయించుకుని ఒక నిర్వహణ ప్రణాళికగా రాసుకోవాలి. ఆ పని ఎలా చేయాలో గ్రామసభ కార్యదర్శులకు, కమిటీ సభ్యులకు, ఊళ్లో చదువుకున్న యువతకు ఉపయోగపడేలా ఇక్కడ వివరిస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా తూర్పు కనుమల నుంచి, నల్లమల నుంచి, గోదావరి పరిసరాల్లోని కోయ, కొండరెడ్డి గూడేల నుంచి తీసుకున్నవి.

ప్రణాళిక అనగానే ఎన్ని గుంతలు తవ్వాలి, ఎన్ని మొక్కలు నాటాలి, అంచనా వ్యయమెంత అన్న పట్టికలతో మొదలుపెట్టడం అలవాటైపోయింది. నా ఉద్దేశంలో అది తలకిందుల పద్ధతి. ప్రతి గూడేనికీ అడవి విషయంలో కొన్ని కట్టుబాట్లు ఇప్పటికే ఉంటాయి. కొన్ని నడుస్తుంటాయి, కొన్ని చెడిపోయి ఉంటాయి, కొన్ని పెద్దల నోట మాత్రమే మిగిలి ఉంటాయి. వాటిని వెలికి తీసి, ఒక్కొక్కదాన్ని అడవిలో లెక్కతో సరిచూసి, అవసరమైన చోట మార్చుకుంటే ప్రణాళికలో సగానికి పైగా సిద్ధమైనట్టే. గుంతలూ మొక్కలూ ఆ తర్వాత ఆలోచించవచ్చు.

ఏ సభ, ఏ కమిటీ

మొదట సభ సంగతి తేల్చుకోవాలి. షెడ్యూల్డు ప్రాంతాల్లో ఈ చట్టం ఉద్దేశించిన గ్రామసభ పంచాయతీ మొత్తానికి ఒకటిగా జరిగే సభ కాదు. గూడెమైనా, చెంచుల పెంటైనా, తండా అయినా తమ వ్యవహారాలను తామే చక్కబెట్టుకునే జనావాసం ఏదైతే ఉందో దాని సభ. పంచాయతీ కింద పది గూడేలుంటే పది సభలు ఉండవచ్చు. 2012లో సవరించిన నిబంధనల ప్రకారం సభ చెల్లాలంటే సభ్యుల్లో కనీసం సగం మంది హాజరు కావాలి, హాజరైనవారిలో కనీసం మూడో వంతు స్త్రీలు ఉండాలి. ఈ రెండు లెక్కలూ తీర్మానాల పుస్తకంలో మొదటి వరుసలోనే రాయడం అలవాటు చేసుకోండి. తర్వాత ఎవరైనా ఆ తీర్మానాన్ని తప్పుపట్టాలని చూస్తే మొట్టమొదట వెతికేది వీటినే.

హక్కు కోరే దశలో పనిచేసేది అటవీ హక్కుల కమిటీ. హక్కు వచ్చాక అడవిని చూసుకోవడానికి గ్రామసభ వేరే కమిటీని వేసుకోవాలి. నిర్వహణ ప్రణాళికను తయారుచేసేది ఈ రెండో కమిటీయే, దానిపై అజమాయిషీ గ్రామసభది. అటవీ శాఖ 1990ల నుంచి నడిపిన వన సంరక్షణ సమితి ఊళ్లో ఇంకా ఉంటే, దానినీ ఈ కమిటీనీ ఒకటిగా కలిపేయకండి. హక్కు పత్రం కూడా గ్రామసభ పేరిటే ఉండాలి. మరో సంస్థ పేరిట ఉన్నట్లు కనిపిస్తే, ప్రణాళిక పని మొదలుపెట్టక ముందే దాన్ని సరిచేయమని జిల్లా స్థాయి కమిటీకి రాతపూర్వకంగా అడగాలి.

ఇంకా దరఖాస్తు దశలోనే ఉన్న ఊళ్లకు ఒక సౌకర్యముంది. ఈ హక్కు కోసం పెట్టే దరఖాస్తు పత్రమైన ఫారం-సితో పాటు కనీసం రెండు రకాల ఆధారాలు చూపాలి. రాసి పెట్టిన పెద్దల వాంగ్మూలం, దుంపలు తవ్వుకునే చోట్లు, పశువులు మేసే చోట్లు, నీటి ఊటలు, దేవర చెట్లు, శ్మశానాలు ఇవన్నీ నిబంధనలు అంగీకరించే ఆధారాలే. అంటే ప్రణాళిక కోసం మీరు సేకరించే సమాచారమే హక్కుకు సాక్ష్యంగానూ పనికొస్తుంది. ఒకే పనిని రెండుసార్లు చేయనక్కరలేదు.

సరిహద్దు నడక

పొలిమేర తెలిసిన ఇద్దరు ముగ్గురు పెద్దలతో, పొరుగు గూడేల నుంచి ఒకరిద్దరిని కూడా పిలుచుకుని, సరిహద్దు అంతా కాలినడకన తిరగాలి. వాగు, గట్టు, బండ, దేవర చెట్టు, పాత గూడెం దిబ్బ ఇలా ప్రతి గుర్తు దగ్గరా ఆగి దాని పేరు రాసుకుని, ఫోనులోని జీపీఎస్‌తో ఆ బిందువును నమోదు చేయాలి. పేరు రాయడం మరవద్దు. సర్వే పటంలో లేని ఆ పేర్లే వాడుకకు సాక్ష్యం. ఈ అడవి రిజర్వు ఫారెస్టులో ఉన్నా, అభయారణ్యంలో ఉన్నా హక్కుకు అడ్డు కాదు. కర్ణాటకలోని బిలిగిరి రంగన కొండల సోలిగ గిరిజనులకు 2011లో పులుల సంరక్షణ ప్రాంతంలోనే సామూహిక హక్కులు గుర్తించారు.

రెండు ఊళ్ల సరిహద్దులు ఒకదానిపై ఒకటి పడితే గీత కోసం పట్టుబట్టకండి. ఆ చోట ఏ ఊరివారు ఏం తీసుకుంటారో రాసుకోవడం మేలు. ఇప్పపువ్వు ఇద్దరూ ఏరుకోవచ్చు, వెదురు ఒక ఊరిదే కావచ్చు, నీళ్లు అందరివీ కావచ్చు. రెండు సభల తీర్మానాలూ పక్కపక్కన జతచేస్తే చాలు. ఎండాకాలంలో మందలు తోలుకొచ్చే కాపరులుంటే వారినీ పిలిచి మాట్లాడాలి. సంచార పశుపోషకుల రుతువారీ వాడుకను కూడా ఈ చట్టం గుర్తిస్తుంది.

తెలివి ఎవరి దగ్గరుంది

ఊళ్లో అడవిని గురించి తెలిసినవారు ఎవరని అడిగితే చెట్టు కింద కూర్చున్న నలుగురు పెద్దమనుషులను చూపిస్తారు. వారితోనే ఆగిపోతే సగం సమాచారం చేజారుతుంది. ఇప్పపువ్వు, ఆకుకూరలు, దుంపలు, వంటచెరకు సంగతి స్త్రీలకు తెలిసినంతగా పురుషులకు తెలియదు. తేనె, వెదురు, జంతువుల దారులు వేరేవారికి తెలుస్తాయి. ఏ మడుగు ఏ నెలలో ఎండుతుందో పశువుల కాపరిని అడగాలి. అందుకే స్త్రీలతో విడిగా ఒక సమావేశం, సేకరణ చేసేవారితో వస్తువుల వారీగా సమావేశాలు పెట్టండి. వీలైతే అడవిలోనే పెట్టండి, ఎందుకంటే చెట్టు ముందు నిలబడి చెప్పే మాటకూ ఇంట్లో కూర్చుని చెప్పే మాటకూ చాలా తేడా ఉంటుంది.

అడిగే తీరు కూడా ముఖ్యమే. ‘‘అడవి తగ్గిందా?’’ అని అడిగితే అందరూ తగ్గిందనే అంటారు, దానితో ప్రణాళికకు ఒరిగేదేమీ లేదు. ‘‘మీ అమ్మ ఈ దుంప కోసం ఎంత దూరం నడిచేది? మీరిప్పుడు ఎంత దూరం నడుస్తున్నారు?’’ అని అడగండి. ‘‘పెళ్లయి ఈ ఊరికి వచ్చిన కొత్తలో పొద్దున పూట ఎన్ని గంపల పువ్వు ఏరేవారు?’’ అని అడగండి. దూరం, సమయం, గంపలు ఈ మూడూ ఎవరైనా గుర్తు తెచ్చుకోగల కొలతలు. ఇలా వచ్చిన జవాబులను వస్తువు వారీగా ఒక పట్టికలో పెడితే ఏది నిలకడగా ఉందో, ఏది వేగంగా తరిగిపోతోందో తెలిసిపోతుంది. అన్నింటికీ నియమాలు అవసరం లేదు. తరిగిపోతున్న నాలుగైదింటి మీదే మీ శక్తిని పెట్టండి.

ఆ తర్వాత నేల మీద ముగ్గుపిండితో అడవి పటం గీయించండి. గీసే పని ముందుగా స్త్రీలకు ఇవ్వండి, పురుషులు తర్వాత సరిదిద్దవచ్చు. క్రమం మారితే పటమంతా పురుషులే గీసేయడం చాలాచోట్ల కనిపించే విషయమే.

కట్టుబాట్లను రాసుకోవడం

ప్రణాళికకు ఇది గుండెకాయ వంటి భాగం, దీనికి ఎక్కువ సమయం ఇవ్వాలి.

కోయ, కొండరెడ్డి, బగత, కొండదొర గూడేల్లో కొత్తల పండుగలు ఉన్నాయి. మామిడి కొత్త చేయకుండా మామిడికాయ తినరు, చిక్కుడు కొత్త కాకుండా చిక్కుడు తినరు. పండుగ రోజు నిర్ణయించేది ఊరి పెద్దలూ పూజారీ. కొత్త పెట్టిన తర్వాతే ఇంటింటా తినడం మొదలవుతుంది. బయటినుంచి చూసేవారికి ఇది భక్తి సంగతిగా మాత్రమే కనిపిస్తుంది. అడవి వాడకం వైపు నుంచి చూస్తే ఇందులో రెండు పనులు ఒకేసారి జరుగుతున్నాయి. కాయ ముదిరే దాకా ఎవరూ ముట్టుకోరు గనుక చెట్టుకూ గింజకూ వ్యవధి దొరుకుతుంది. అందరికీ ఒకే రోజు మొదలవుతుంది గనుక ‘నేను కోయకపోతే పక్కవాడు కోసుకుపోతాడు’ అన్న తొందర ఉండదు. ఈ రెండో పని మరీ విలువైనది, ఎందుకంటే అడవి వస్తువులు పాడవడానికి మూలం దురాశ కన్నా ఈ తొందరే.

ఈ తొందర ఎలా ఉంటుందో చూడాలంటే సారపప్పును చూడండి. దాని ధర పెరిగిన కొద్దీ, కాయ ముదరక ముందే కోయడం, ఎక్కలేని చెట్ల కొమ్మలు నరికి కింద పడేసి దులపడం చాలాచోట్ల మామూలైంది. పచ్చికాయలో పప్పు నిండదు కాబట్టి తూకం తగ్గుతుంది, మరుసటి ఏడు కాసే కొమ్మ ఉండదు, మొలవడానికి గింజా మిగలదు. ఇలా చేసేవారికి ఈ నష్టం తెలియదని కాదు. ఆగినవాడికి ఏమీ మిగలదన్న భయం వారిది. దీనికి విరుగుడు కొత్తల పద్ధతిలోనే ఉంది. సారపప్పుకూ ఒక కొత్త పెట్టుకోండి. స్త్రీలు ఇద్దరు, పెద్దలు ఇద్దరు అడవికి వెళ్లి వేరువేరు చోట్ల నుంచి కాయలు తెచ్చి పగలగొట్టి, పప్పు నిండిందని చెప్పిన తర్వాత గ్రామసభ కోత మొదలయ్యే రోజును చాటించాలి. ఆ రోజుకు ముందు తెచ్చిన సరుకును ఊళ్లో ఎవరూ కొనకూడదు, సంతకు పోనీయకూడదు. పొరుగు గూడేలతో కలిసి ఒకే రోజు పెట్టుకోగలిగితే ఇంకా గట్టిగా నిలుస్తుంది. ఒక్క ఊరే ఆగితే ఆ ఏడాదికే నియమం తప్పిపోతుంది. ఉసిరికీ ఇదే పద్ధతి పనికొస్తుంది.

ప్రతి కట్టుబాటు కింద నాలుగు విషయాలు రాయాలి: దేని గురించి, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఎవరు చాటిస్తారు, తప్పితే ఏమవుతుంది. తప్పు కట్టించడం గూడేలకు కొత్త కాదు. అయితే పాత పద్ధతిలో తప్పు సొమ్ము విందుకు పోయేది. ఇప్పుడు దాన్ని గ్రామసభ ఖాతాలో జమ చేసి అడవి పనులకే వాడాలని తీర్మానించుకోవడం మంచిది. తప్పు ఎంతో ముందే రాసి ఉండాలి, కమిటీ అధ్యక్షుడి ఇంటికీ అదే వర్తించాలి.

పాతవన్నీ మంచివేనన్న పట్టుదల కూడా వద్దు. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకు కాల్చడం పాత అలవాటే, దానివల్ల కలిగే నష్టం కింద చెబుతాను. వేట పండుగల సంగతి మరొకటి: చట్టం సంప్రదాయ హక్కులను గుర్తిస్తూనే వన్యప్రాణుల వేటను మాత్రం అందులోంచి తప్పించింది. ఆ పండుగను ఏ రూపంలో కొనసాగించుకోవాలో ఊరు కూర్చుని మాట్లాడుకోవాలి, ప్రణాళికలో వేటను హక్కుగా రాస్తే మొత్తం కాగితమే చిక్కుల్లో పడుతుంది.

వస్తువుల వారీ నియమాలు

ఇప్పపువ్వు రాలేది ఫాల్గుణ, చైత్ర మాసాల్లో, తెల్లవారుజామున. నేల శుభ్రంగా ఉంటే ఏరడం సులువని ఆకుకు నిప్పు పెడతారు. ఆ నిప్పు అక్కడితో ఆగదు, ఆగినా చెట్టు కింద మొలిచిన పిల్ల మొక్కలన్నింటినీ చంపుతుంది. నిప్పుకు బదులు చెట్టు కింద ఊడ్చుకోవాలి, లేదా పాత చీరలు గానీ వలలు గానీ పరుచుకోవాలి. వల మీద పడిన పువ్వుకు మట్టి అంటదు గనుక ధర కూడా బాగుంటుంది. మరో చిక్కు గింజలది. పువ్వు ఏరి, తర్వాత వానల మొదట్లో గింజలు కూడా నూనెకు ఏరేస్తే కొత్త చెట్టు ఎక్కడినుంచి వస్తుంది? ప్రతి దిక్కునా కొన్ని చెట్లను ఎంచుకుని వాటి గింజ ఏరకూడదని నియమం పెట్టండి. ఇప్ప గింజకు నిల్వ ఉండే గుణం లేదు, కొద్ది వారాల్లోనే మొలకెత్తే శక్తి పోతుంది. కాబట్టి నాటదలచిన గింజను తాజాగా ఉన్నప్పుడే నేలలో వేయాలి.

తునికాకు కోసం ఫిబ్రవరి చివర, మార్చిలో పొదలను నేల మట్టానికి కొట్టిస్తే సుమారు నలభై, నలభై ఐదు రోజుల్లో లేత ఆకు వస్తుంది. మంట పెట్టినా చిగురు వస్తుందన్నది నిజమే, కానీ ఆ చిగురు కోసం మిగతా అడవిని కాల్చుకోవడం తెలివైన బేరం కాదు. ఆకు పొదల నుంచి మాత్రమే కోయాలి. పండు కాసే తునికి చెట్లను వదిలేయాలి. యాభై ఆకులు ఒక కట్ట, వెయ్యి కట్టలు ఒక స్టాండర్డు బస్తా అన్న లెక్క మనవైపు నడుస్తోంది కాబట్టి, ఆకు కట్టలు అప్పగించే కల్లం దగ్గర ఊరి తరఫున కూడా ఒకరు విడిగా లెక్క రాసుకోవాలి. ఆ పుస్తకం మరుసటి ఏడాది బేరానికీ, అడవి ఎంత ఇస్తోందో తెలుసుకోవడానికీ రెండింటికీ పనికొస్తుంది.

తపసి జిగురు విషయంలో పాత గొడ్డలి పద్ధతి చాలా చెట్లను చంపింది. లోతుగా నరికితే మొదట్లో ఎక్కువ జిగురు కారుతుంది, తర్వాత గాయం మానక చెట్టు కుళ్లుతుంది. విశాఖపట్నం కేంద్రంగా పనిచేసే కోవెల్ ఫౌండేషన్ జిగురు సేకరించే గిరిజనులకు నేర్పిన పద్ధతిలో పదునైన చిన్న పనిముట్టుతో బెరడు మీద పైపైన మాత్రమే గాటు పెడతారు. మీ నియమంలో ఇవి ఉండాలి: చుట్టుకొలత మూడడుగులు లేని చెట్టుకు గాటు వద్దు, చెట్టు చుట్టూ గాట్లు వద్దు, మానని గాయం పక్కన మరో గాటు వద్దు, వానాకాలంలో చెట్టుకు పూర్తి విశ్రాంతి. ఏ చెట్టు ఏ కుటుంబం చూసుకుంటుందో ముందే పంచుకున్న చోట చెట్లు బాగున్నాయి. ఎవరిదో తెలియని చెట్టునే గొడ్డలితో కొడతారు.

తేనె సంగతి నల్లమల చెంచులను అడిగి తెలుసుకోవలసిందే. కొండ చరియలకూ పెద్ద చెట్లకూ పట్టే పెర తేనె, తొర్రల్లో పట్టే పుట్ట తేనె, పొదల్లోని జుంటి తేనె ఇలా ఒక్కో ఈగకు ఒక్కో పద్ధతి. పెర తేనెలో తేనె ఉండే భాగం, పిల్ల ఉండే భాగం వేరువేరుగా ఉంటాయి. తేనె భాగాన్ని మాత్రమే, అందులోనూ కొంత వదిలి కోస్తే ఈగలు మళ్లీ కట్టుకుంటాయి. మొత్తం పెరను కోసి పిండితే తేనెలో పిల్ల కలిసి త్వరగా పులుస్తుంది, గుంపూ చెదిరిపోతుంది. పొగ పెట్టాలి గానీ మంట పెట్టకూడదు. ఆరిపోని కాగడా కొండ మీద వదిలి రావడం చాలా మంటలకు మొదలు.

అడవి దుంపలు తవ్వేటప్పుడు తీగతో ఉన్న తల భాగాన్ని మళ్లీ గోతిలో పెట్టి మట్టి కప్పడం పెద్దవాళ్లందరికీ తెలిసిన పని. దీన్ని కొత్తతరానికి చేసి చూపించాలి, రాతలో ఒక్క వాక్యం చాలు.

వెదురు కొంచెం జాగ్రత్తగా చూడాలి. ఈ ఏడు మొలిచిన బొంగును కోయకూడదు, పొద మధ్యకు చేరడానికి దారి చేసుకుని ముదురు బొంగులనే తీయాలి. కోత నేలకు దగ్గరగా, కణుపు పైన పడాలి, లేకపోతే నీరు నిలిచి మోడు కుళ్లుతుంది. వానలు పడి కొమ్ములు వచ్చే నెలల్లో కోత పూర్తిగా ఆపాలి, ఆ కాలంలో కూరకు తీసే కొమ్ములకూ ఒక పొదకు ఇన్ని అని హద్దు పెట్టుకోవాలి. పొదకు కనీసం ఎనిమిది ముదురు బొంగులు నిలిపి, అడవిని మూడు నాలుగు భాగాలుగా చేసి ఏడాదికో భాగం కోయడం నిలకడైన పద్ధతి. వెదురు పూత పట్టిందంటే ఆ పొద చస్తుంది. రాలిన వెదురు బియ్యంలో కొంత నేలకు వదిలి, తర్వాతి కొన్నేళ్లు ఆ చోట మేత ఆపకపోతే వెదురు మళ్లీ లేవదు.

లెక్కతో సరిచూడటం

కట్టుబాటు పనిచేస్తోందో లేదో తెలియాలంటే లెక్క కావాలి. పెద్ద శాస్త్రం అవసరం లేదు. మీ అడవిలో వేరువేరు రకాల చోట్లలో పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు చతురస్రాలు తాడుతో కట్టుకోండి. ప్రతి చతురస్రంలోని చెట్లను జాతి వారీగా లెక్కపెట్టి, నాలుగున్నర అడుగుల ఎత్తులో చుట్టుకొలత రాయండి. ఒక మూలన రెండు మీటర్ల చదరంలో మొలకలను లెక్కించండి. పది మీటర్ల చతురస్రంలోని చెట్ల సంఖ్యను వందతో గుణిస్తే హెక్టారుకు ఎన్నో వస్తుంది. చెట్టు పేరు ఊళ్లో పిలిచే పేరే రాయాలి, పుస్తకపు పేరు తర్వాత ఎవరైనా చేర్చవచ్చు.

ఈ లెక్కలో చూడవలసింది మొత్తం సంఖ్య కాదు, వయసుల పొందిక. లావుపాటి ఇప్పచెట్లు బోలెడు ఉండి, సన్నవీ మొలకలూ లేకపోతే, అది ముసలివాళ్లు మాత్రమే మిగిలిన ఊరు వంటిది. గింజంతా ఏరేస్తున్నారా, మంటా, మేతా అన్నది అప్పుడు విచారించాలి. కారణం తేలకుండా మొక్కలు నాటడానికి దిగితే అవీ అలాగే పోతాయి. ఉసిరి, మామిడి చెట్లపై బదనిక (చెట్టు కొమ్మల మీద పట్టి బతికే మొక్క) ఎంత పట్టిందో కూడా అక్కడే రాసుకోండి. ఎక్కువ పడితే చెట్టు కాపు తగ్గి ఎండుతుంది. పూత రాక ముందు బదనికను కొమ్మతో సహా తీసేయడం ఒక రోజు పనిగా పెట్టుకోవచ్చు.

మంట విషయంలో ఒక మాట

అన్ని మంటలూ ఒకటి కావు. సోలిగలు ఎండలు ముదరక ముందు, ఆకు ఇంకా పలచగా ఉన్నప్పుడు, చిన్న మంటలు వేసేవారు. వాటిని ఆపించిన తర్వాత అడవిలో లాంటానా పొదలు, ఉసిరి మీద బదనిక విపరీతంగా పెరిగాయన్నది వారి వాదన, దాన్ని పరిశోధకులూ తీవ్రంగానే తీసుకున్నారు. అయితే ఆ ఉదాహరణ చూపి మన దగ్గర ఏప్రిల్‌లో పెట్టే మంటను సమర్థించుకోలేం. ఆ కాలంలో ఆకు దట్టంగా పడి, గాలి వీచి, మంట కొండెక్కుతుంది. పైగా ప్రస్తుత అటవీ చట్టాల కింద రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరం. జనవరి, ఫిబ్రవరిలో సరిహద్దులూ బాటలూ వెంట ఆకు ఊడ్చి గీతలు చేయడం, ఇప్ప, తునికి రోజుల్లో వంతుల వారీ కాపలా, మంట కనిపిస్తే ఎవరు ఎటు పరుగెత్తాలో ముందే అనుకోవడం, ఇవి ప్రణాళికలో తప్పనిసరి. గీతల పనిని ఉపాధి హామీలో పెట్టించుకునే వీలుందేమో మండలంలో అడగండి.

రాయకూడనివి

మూలికల సంగతిలో రాయడం కన్నా ఆగడం ముఖ్యం. కేరళలో అగస్త్య కొండల కాణి గిరిజనులు చూపించిన ఆరోగ్యపచ్చ అనే మొక్కతో ‘జీవని’ అనే మందు తయారై మార్కెట్‌కు వచ్చింది. లాభంలో వాటా ఇవ్వడానికి ఒక ట్రస్టు కూడా ఏర్పడింది. వాటా దక్కిన అరుదైన సందర్భం కాబట్టి దాన్ని మంచి ఉదాహరణగా చెబుతారు, కానీ గిరాకీ పెరిగాక అడవిలో ఆ మొక్కను పీకుకుపోవడమూ జరిగింది. కాబట్టి ప్రణాళికలో ఏ మొక్క ఎక్కడ అరుదుగా ఉందో, దాన్ని కాపాడాలో లేదో రాయండి, దేనికి ఎలా వాడతారో రాయకండి. వెజ్జు (మూలికల వైద్యుడు) ఒప్పుకుని చెప్పిన విషయాలుంటే వేరే పుస్తకంలో రాసి గ్రామసభ దగ్గరే ఉంచాలి. జీవవైవిధ్య రిజిస్టరు తయారుచేస్తామని ఎవరైనా వస్తే, ఏది రాయవచ్చో గ్రామసభ తీర్మానించిన తర్వాతే రాయనివ్వండి. సంప్రదాయ జ్ఞానంపై సమూహానికి హక్కుందని అటవీ హక్కుల చట్టం స్పష్టంగానే చెప్పింది. దేవర వనాలు సరిగ్గా ఎక్కడున్నాయన్నది కూడా బయటికిచ్చే పటంలో అవసరమైతేనే చూపించాలి.

ఆమోదం, అటవీ శాఖ, డబ్బు

ముసాయిదాను గ్రామసభలో ఊరి భాషలో చదివి వినిపించాలి, నియమం నియమంగా ఆమోదించాలి. ఆ తర్వాత దాన్ని అటవీ శాఖ తన అడవుల నిర్వహణకు వేసుకునే వర్కింగ్ ప్లాన్‌తో అనుసంధానించాలని నిబంధనలు చెబుతున్నాయి. ఎలాంటి మార్పులు అవసరమో నిర్ణయించేది కమిటీయేనన్నది కూడా ఆ నిబంధనలోనే ఉంది. ఈ వాక్యాన్ని కమిటీ సభ్యులందరూ చదివి ఉండాలి. శాఖ అధికారుల సలహాను వినండి, వారి దగ్గర మీకు లేని పటాలు, పాత లెక్కలు ఉంటాయి. కానీ మీ ప్రణాళికను పక్కనపెట్టి వారి నమూనాను సంతకానికి ఇస్తే, సంతకానికి ముందు సభ పిలవండి.

అమ్మకం విషయానికి వస్తే, చట్టం కింద వెదురు, తునికాకు, తేనె, లక్క, దుంపలు ఇవన్నీ చిన్న అటవీ ఉత్పత్తులే, వాటిపై యాజమాన్యం సేకరించేవారిది. రవాణా అనుమతి ఇచ్చే అధికారం గ్రామసభ కమిటీకి ఉంది. గడ్చిరోలి జిల్లాలోని గోండుల ఊరు మేంఢా లేఖ, ప్రాణహితకు అవతలి వైపుది, సుమారు 1,800 హెక్టార్ల అడవిపై 2009లో హక్కు పొంది, 2011లో సొంత అనుమతి పుస్తకంతో వెదురు అమ్మడం మొదలుపెట్టింది. అయితే అక్కడ ఆ పని నిలిచింది అమ్మకం తెలివి వల్ల మాత్రమే కాదు, అంతకు చాలా ఏళ్ల ముందు నుంచీ అందరూ ఒప్పుకునేదాకా చర్చించి నిర్ణయించే అలవాటు ఆ ఊరికి ఉంది. మన వైపు గిరిజన సహకార సంస్థ (జీసీసీ)కి అమ్మినా, ప్రైవేటు వ్యాపారికి అమ్మినా, తూకం, ధర, తేదీ మూడూ ఊరి పుస్తకంలో ఉండాలి. వచ్చిన సొమ్ములో ఎంత కూలికి, ఎంత అడవి పనులకు, ఎంత నిల్వకు అన్నది కోతకు ముందే తీర్మానించుకోవాలి. డబ్బు చేతికి వచ్చాక కూర్చునే సభలో ఆ మాట తేలదు.

ఏటా ఒకసారి, పంటలు ఇంటికి చేరి ఇప్పపూత మొదలు కాకముందు, జనవరి చివర ప్రణాళికను మళ్లీ తెరవాలి. అవే చతురస్రాలను తిరిగి లెక్కపెట్టి, కల్లం పుస్తకాన్ని, తప్పుల పుస్తకాన్ని ముందు పెట్టుకుని ఏ నియమం నిలిచింది, ఏది ఎవరూ పట్టించుకోలేదు అన్నది చూడాలి. ఎవరూ పాటించని నియమాన్ని కాగితం మీద ఉంచడం కన్నా తీసేయడం లేదా అందరూ ఒప్పుకునేలా సడలించడం నయం. మార్చిన ప్రతి నియమం పక్కన ఎందుకు మార్చారో ఒక వాక్యం రాసి పెడితే, కొన్నేళ్ల తర్వాత కమిటీలోకి వచ్చేవారు అదే వాదనను మళ్లీ మొదటి నుంచి పెట్టుకోనక్కరలేదు.